కొత్త డిఫెండర్‌ని మొదటి పది మ్యాచ్‌ల్లో ఎలా అంచనా వేయాలి

మొన్న ఆదివారం కాకినాడ టర్ఫ్ మీద హాకీ మ్యాచ్ అయిపోయి జనం లేచి వెళ్తుంటే ఒకాయన నా పక్కకొచ్చి నిలబడ్డారు. ముమ్మిడివరం అవతల ఏదో ఊరట. కొడుకు ఈ ఏడాదే పెద్దవాళ్ల జట్టులోకి వచ్చాడు, వెనకాల డిఫెన్స్‌లో ఆడతాడు, ప్రతి మ్యాచ్‌కీ తండ్రీకొడుకులిద్దరూ ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా బస్సులో వస్తారు. "నాలుగు మ్యాచ్‌లయ్యాయండి, పదకొండు గోల్స్ తిన్నారు. మావాడు పనికొస్తాడంటారా, లేకపోతే చదువు మీద పెట్టమంటారా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఇంకొకతను "ఇవాళ రెండో గోల్ మీవాడి తప్పేనండి" అనేశాడు. ఆ పిల్లాడు నాలుగడుగుల దూరంలో కూర్చుని షిన్ గార్డులు విప్పుకుంటూ ఇదంతా వింటున్నాడు.

నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆ రెండో గోల్ వాడి తప్పు కానే కాదు. మధ్యలో ఆడే మా హాఫ్ ఒకతను బంతి పోగొట్టుకున్నాడు, ఎడమవైపు ఆడాల్సినవాడు పైకెళ్లిపోయి వెనక్కి రాలేదు, ఇద్దరు ఫార్వర్డులు వస్తుంటే ఈ పిల్లాడొక్కడే మిగిలాడు. చివరి క్షణంలో దగ్గర ఉన్నది వాడే కాబట్టి అందరి కళ్లూ వాడి మీదే పడ్డాయి. మన కాలవగట్లతో పోల్చి చెప్పాలంటే, గండి పడిన చోట ఇసుక బస్తాతో నిలబడినవాడినే గట్టు తెంపావని అన్నట్టుంది. అందుకే ఆయనకి అక్కడ నిలబడి చెప్పిన మాటలే కాస్త వివరంగా రాస్తున్నాను. కొడుకో మేనల్లుడో ఈ సీజన్‌లో కొత్తగా వెనక ఆడుతున్న ఎవరికైనా పనికొస్తాయి.

ముందు తిన్న గోల్స్ లెక్క పక్కన పెట్టండి. మా పిన్నిగారి అబ్బాయి కెనడాలో ఉంటాడు, అక్కడి ఐస్ హాకీ తెగ చూస్తాడు. ఆ ఆటలో ప్లస్ మైనస్ అని ఒక లెక్క ఉంది. మనిషి మంచు మీద ఉన్నప్పుడు సొంత టీము గోల్ కొడితే ప్లస్ ఒకటి, తింటే మైనస్ ఒకటి. పవర్ ప్లేలో, అంటే ఎదుటి టీమువాడు శిక్ష పడి బయట కూర్చున్నప్పుడు, కొట్టిన గోల్స్ కలపరు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, పక్కన ఎవరు ఆడుతున్నారు, ఎదురుగా ఎవరొచ్చారు, గోల్‌కీపర్ ఎలాంటివాడు అన్నది అందులో ఏమీ తెలియదు, కాబట్టి కొత్త డిఫెండర్‌ని నాలుగు మ్యాచ్‌ల ప్లస్ మైనస్‌తో తూచకూడదని వాడే అంటుంటాడు. అక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో సీజన్‌కి 80కి పైగా మ్యాచ్‌లుంటాయి. 18, 19 ఏళ్ల కుర్రాళ్లని 9 మ్యాచ్‌ల దాకా ఆడించి చూసి వెనక్కి పంపే వీలుంటుంది, పదో మ్యాచ్ ఆడితే వాళ్ల కాంట్రాక్టులో మొదటి ఏడాది ఖర్చయిపోతుంది. అంత డబ్బు పెట్టే టీములే తొమ్మిది మ్యాచ్‌లు చూస్తుంటే మనం నాలుక్కే తీర్పు చెప్పేస్తే ఎలా?

ఇక మన హాకీకొద్దాం. 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు. రెండో క్వార్టర్ మొత్తం బంతిని చూడటం మానేసి మీ డిఫెండర్ ఒక్కడినే చూడండి. మొదట్లో చాలా కష్టం, బంతి ఎటు పోతే కళ్లు అటే పోతాయి, అవతలివైపు అరుపులు వినిపిస్తే మెడ దానంతటదే తిరుగుతుంది. కానీ డిఫెండర్ చేసే పనిలో ముప్పాతిక వంతు బంతి తన దగ్గర లేనప్పుడే జరుగుతుంది. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడా, లేక నాలుగడుగులు ముందుకొచ్చి తను కాయాల్సిన అవతలి ఫార్వర్డ్‌కి అందేంత దూరంలో ఉన్నాడా? బంతి కుడివైపుకి పోతే తను కూడా అటు జరిగాడా? ఇంకా ముఖ్యంగా, తల ఎన్నిసార్లు వెనక్కి తిప్పాడు? హాకీలో ఆఫ్‌సైడ్ తీసేసి పాతికేళ్లు దాటింది, అంటే అవతలి ఫార్వర్డ్ వచ్చి మన గోల్‌కీపర్ పక్కన నిలబడినా అడిగే నాథుడు లేడు. అందుకని వీపు వెనక ఎవరున్నారో చూసుకోని డిఫెండర్ ఎంత బలంగా కొట్టినా ఏదో ఒక రోజు దొరికిపోతాడు. నేను మొదటి మూడు మ్యాచ్‌ల్లో ఈ తల తిప్పడమే ముఖ్యంగా లెక్కపెడతాను. మూడో మ్యాచ్‌కి అది పెరిగితే కుర్రాడు నేర్చుకుంటున్నట్టే, గోల్స్ ఎన్ని తిన్నా సరే.

తర్వాత ట్యాకిల్, అంటే బంతితో వచ్చేవాడిని అడ్డుకోవడం. ఇక్కడ కొంచెం దగ్గరికెళ్లి చూడాలి, గీత పక్కనే కూర్చోండి. ఫార్వర్డ్ బంతితో మీదికొస్తున్నప్పుడు కుర్రాడి మోకాళ్లు వంగి ఉన్నాయా, స్టిక్ నేలకి దగ్గరగా ఉందా, పాదాలు చిన్న చిన్న అడుగులతో వెనక్కి కదులుతున్నాయా చూడండి. మంచి డిఫెండర్ ఎడమచేత్తో స్టిక్ చాచి ఒకసారి పొడిచినట్టు పొడిచి వెనక్కి లాక్కుంటాడు. బంతి దొరికితే దొరికింది, లేకపోతే ఫార్వర్డ్ ఒక్క క్షణం తల దించుతాడు, ఆ క్షణంలో మనవాళ్లిద్దరు వెనక్కొచ్చేస్తారు. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఒక్కటే, బరువంతా ముందుకేసి దూకేస్తారు. ఒకసారి దూకి తప్పిపోతే ఇక ఆటలో లేనట్టే. "అబ్బ, ఏం దూకాడ్రా" అని గట్టు మీద చప్పట్లు పడతాయి, నాలుగు దూకుళ్లలో ఒకటి తగిలితే అదే గుర్తుంటుంది. మీరు మాత్రం ఎన్నిసార్లు దూకాడో, ఎన్నిసార్లు ఆగి ఎదుటివాడిని ఆలస్యం చేశాడో రాసుకోండి. బంతి లాక్కోకపోయినా ఐదు సెకన్లు ఆపాడంటే అది ట్యాకిల్ కింద లెక్కే.

ఎటు తోస్తున్నాడన్నది కూడా చూడాలి. డిఫెండర్ వచ్చేవాడిని తన కుడివైపుకి మళ్లించాలి, ఎందుకంటే అది తనకి స్టిక్ నేరుగా అందే వైపు, ఎదుటివాడికి రివర్స్ వైపు, అంటే స్టిక్ తిప్పి ఆడాల్సిన వైపు. కుడి బ్యాక్‌కి ఇది బాగానే కుదురుతుంది, కుడిపక్క గీత కూడా అటే ఉంటుంది కదా, అటు తోస్తే సరిపోతుంది. ఎడమ బ్యాక్‌కే తంటా. గీతవైపు తోస్తే ఫార్వర్డ్ మన బ్యాక్ రివర్స్ స్టిక్ మీదికి పోతాడు, లోపలికి తోస్తే గోల్ ముందుకి దారిచ్చినట్టవుతుంది. ఆ చోట ఆడటానికి రెండేళ్లు పడుతుంది. మా దగ్గర ఎడమవైపు ఎవరూ ఒప్పుకోరు కాబట్టి కొత్త కుర్రాడిని తీసుకెళ్లి అక్కడే నిలబెడతారు, ఆ తర్వాత "వీడు వట్టి డొల్ల" అంటారు. ఇది చాలా అన్యాయం. మీవాడు ఎడమవైపు ఆడుతుంటే ఈ సంగతి ముందు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది చెబుతాను. తప్పు జరిగిన తర్వాతి మూడు సెకన్లు.

ఆదివారం మూడో క్వార్టర్‌లో ఆ ముమ్మిడివరం కుర్రాడి కాళ్ల పక్కనుంచి ఫార్వర్డ్ బంతి తోసేసి దాటిపోయాడు. మామూలుగా కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, సిగ్గుతో వాడి వెనకే పరిగెత్తి వెనకనుంచి స్టిక్ వేస్తారు, ఫౌల్ అవుతుంది. వీడు ఫార్వర్డ్‌ని చూడనేలేదు. వెనక్కి తిరిగి నేరుగా గోల్‌పోస్టు వైపు పరిగెత్తాడు, అంటే ఫార్వర్డ్ ఎక్కడికి చేరాలో అక్కడికి అడ్డదారిన వెళ్లాడు. గోల్ ముందు వంపుగా ఉండే డి గీత దగ్గరికొచ్చేసరికి వంగి స్టిక్ అడ్డంగా నేల మీద పెట్టాడు, షాట్ తగిలి బంతి బయటికి పోయింది. గట్టు మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అప్పటికే అందరూ "అయ్యో, వదిలేశాడు" అని తిట్టుకోవడంలో ఉన్నారు. నేను మాత్రం నా డైరీలో ఆ ఒక్కదానికి రెండు గీతలు గీశాను. దాటిపోయినవాడి వెంట పడకుండా గోల్ వైపు పరిగెత్తాలన్న తెలివి చెబితే వచ్చేది కాదండి, వచ్చినా చాలా ఆలస్యంగా వస్తుంది.

బంతి చేతికొచ్చాక ఏం చేస్తాడన్నది ఇంకో సంగతి. మన పల్లెల్లో పిల్లలు స్కూలు గ్రౌండుల్లో నేర్చుకుంటారు, ఒండ్రుమట్టి నేల ఎండితే పగుళ్లు, తడిస్తే బురద, బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, అందుకని దొరగ్గానే బలంగా కొట్టేయడమే నేర్చుకుంటారు. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద బంతి జారుకుంటూ నేరుగా వస్తుంది గానీ రెట్టింపు వేగంతో వస్తున్నట్టుంటుంది. మొదటి మూడు నాలుగు మ్యాచ్‌ల్లో బంతి ఆపడంలో తప్పు జరిగినా పట్టించుకోకండి. ఐదో మ్యాచ్ తర్వాత కూడా బంతి స్టిక్‌కి తగిలి రెండు మీటర్లు ఎగిరిపోతుంటే అప్పుడు కూర్చుని మాట్లాడాలి. పాస్‌ల విషయంలో నేను చూసేది ఒకటే. ఒత్తిడిలో ఉన్నప్పుడు సొంత డి ముందునుంచి అడ్డంగా బంతి వేస్తున్నాడా? వేస్తే అది పెద్ద జబ్బు. పక్కగీత మీదుగా బయటికి కొట్టేస్తే అందంగా ఉండదు గానీ తప్పు కాదు.

పెనాల్టీ కార్నర్లు, అంటే మన తప్పుకి ఎదుటివాళ్లకి మన గోల్ మీద దొరికే అవకాశాలు, ఎన్ని ఇచ్చాడన్నది తప్పకుండా రాయండి, కానీ రకాలుగా విడదీసి రాయండి. డిలో బంతి ఎగిరి కాలికి తగిలితే అది దురదృష్టం. ఆలస్యంగా వచ్చి స్టిక్ మీద స్టిక్ వేస్తే అది నిలబడిన చోటు తప్పు. కోపంతోనో కంగారుతోనో మన గోల్ వైపు 23 మీటర్ల గీత లోపల కావాలని ఫౌల్ చేసి ఆపితే కూడా కార్నర్ ఇస్తారు, అది మాత్రం బుర్రకి సంబంధించినది. కార్నర్ ఇచ్చారంటే కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనక ఉంటారు, మిగతా అందరూ సగం గీత దాకా పోవాలి, కాబట్టి ఊరికే ఇచ్చే ప్రతి కార్నర్ చాలా ఖరీదైనది. కార్డుల లెక్క కూడా అంతే, పచ్చ కార్డుకి 2 నిమిషాలు, పసుపుకి కనీసం 5 నిమిషాలు పదిమందితో ఆడాలి. అయితే కార్డు వచ్చిందని మనిషినే తీసిపారేయకండి. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద అమిత్ రోహిదాస్‌కి 17వ నిమిషంలో ఎర్ర కార్డు ఇచ్చారు, మనవాళ్లు 40 నిమిషాలకి పైగా పదిమందితోనే ఆడి 1-1తో నిలిచి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. రోహిదాస్ మన దేశానికున్న మంచి డిఫెండర్లలో ఒకడు, కార్నర్లో కొట్టే బంతికి ప్రాణాలకి తెగించి ఎదురు పరిగెత్తేవాడు. ఆ ఒక్క కార్డు చూసి అతన్ని తూచగలమా?

అదే ఒలింపిక్స్‌లో హర్మన్‌ప్రీత్ సింగ్ 10 గోల్స్ కొట్టాడు, ఆయనా డిఫెండరే. అది చూసి మన పిల్లలందరూ డ్రాగ్ ఫ్లిక్, అంటే కార్నర్లో బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసరడం, నేర్చుకుంటామంటున్నారు, మంచిదే. కానీ మీవాడు కార్నర్లో గోల్ కొట్టాడని డిఫెన్స్ బాగా ఆడినట్టు కాదు, కొట్టలేదని ఆడనట్టూ కాదు. ఆ రెండు లెక్కలూ వేరు వేరు పేజీల్లో ఉండాలి. మన పాత డిఫెండర్ దిలీప్ టిర్కీ 400కి పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు, ఆయన్ని అంతకాలం టీములో ఉంచింది ముందుగా వెనక గట్టిగా నిలబడటమే.

రాసుకోవడం ఎలాగంటే, నా దగ్గర ఎరువుల కొట్టువాళ్లిచ్చిన పాత డైరీ ఉంది, అది చాలు. మ్యాచ్‌కో పేజీ. పైన తేదీ, ఏ వైపు ఆడాడు, పక్కన ఎవరు, ఎదురుగా ఎవరు, టర్ఫా మట్టా, వాన పడిందా అన్నవి ముందే రాయండి. కింద తల తిప్పినవి, ఆగినవి, దూకినవి, తప్పు తర్వాత గోల్ వైపు పరిగెత్తినవి, ఇచ్చిన కార్నర్లు. గీతలు గీస్తే చాలు. చివరి ఐదు నిమిషాలకి వేరే గడి ఉంచండి, మన సముద్రపు ఉక్కలో నాలుగో క్వార్టర్‌కి కాళ్లు బరువెక్కిపోతాయి, మోకాళ్లు వంగడం మానేస్తాయి, అక్కడ కనిపించే తప్పులు ఓపికవి, తెలివితక్కువవి కావు. వాటికి మందు వేరు, పొద్దున్నే పరుగు. మొదటి మూడు మ్యాచ్‌లనీ, తర్వాతి నాలుగింటినీ, చివరి మూడింటినీ విడివిడిగా కూడండి. మొత్తం ఎంతొచ్చిందన్నది నాకక్కర్లేదు. మొదటి మూడింటికీ చివరి మూడింటికీ తేడా ఎంతుంది, అదే చూడాలి. దూకుళ్లు తగ్గి తల తిప్పడం పెరిగితే కుర్రాడిని వదలకండి. పది మ్యాచ్‌లయ్యాక కూడా ఒకే ఫార్వర్డ్ ఒకే పద్ధతిలో దాటిపోతుంటే అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా కోచ్‌తో మాట్లాడండి, చోటు మార్చి చూడమనండి.

ఇంకో మాట, మ్యాచ్ అయిన వెంటనే పిల్లాడికి ఇవేవీ చెప్పకండి. అదే రోజు బస్సులో అసలు వద్దు. నేను ఆ తండ్రికి డైరీ పేజీ చూపించాను, రెండు గీతలు దేనికో కూడా చెప్పాను. ఆయన పేజీని ఫోన్లో ఫొటో తీసుకుని, కొడుకు వైపు ఒకసారి చూసి, "ఏరా, ఆకలేస్తోందా?" అని మాత్రం అడిగారు. వాడు షిన్ గార్డులు సంచిలో పెట్టుకుని లేచాడు. వచ్చే ఆదివారం ఐదో మ్యాచ్. వాడిని ఈసారి కుడివైపు ఆడిస్తామని కోచ్ అన్నాడు, నేను అటు గీత దగ్గరే కూర్చుంటాను.