బ్రేకప్ చెప్పేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

చాలా బ్రేకప్‌లు నాలుగు రోజుల ఏడుపుతో అయిపోతాయి. వాటి గురించి కాదు ఇది. ఇన్నాళ్లూ మీ ఫోను, బట్టలు, స్నేహాలు అన్నీ తన చెప్పుచేతల్లో ఉండాలనుకున్న మనిషితో తెగతెంపులు చేసుకోవడం గురించి. పట్టు జారిపోతోందని తెలిసినప్పుడే అలాంటివాళ్లు బెదిరింపులకు, దెబ్బలకు దిగే ప్రమాదం ఎక్కువ.

ఇదేదో అరుదైన సంగతి అనుకోకండి. ఏదో ఒక బంధంలో ఉన్న 15-19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 24 శాతం మంది 20 ఏళ్లు వచ్చేలోపే భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురవుతున్నారని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అబ్బాయిలకూ జరుగుతుంది. నవ్వుతారేమోనని బయటకు చెప్పుకోరు, అంతే.

ముందు జరిగినవి ఒకసారి గుర్తు చేసుకోండి. "ఎక్కడున్నావ్, ఫొటో పెట్టు" అని గంటగంటకూ అడగడం, పాస్‌వర్డ్ ఇవ్వకపోతే అలగడం, మీకు ఇష్టం లేదన్నా మీద చెయ్యి వేయడం. వీటిలో ఏది ఉన్నా జాగ్రత్త పడాల్సిందే. ఒక్కసారైనా గొంతు పిసికి ఉంటే మాత్రం ఒంటరిగా తేల్చుకోవాలని చూడొద్దు. ముందుముందు ప్రాణం మీదకు తెచ్చే లక్షణాల్లో అది బలమైనది. పైకి మచ్చ లేకపోయినా లోపల గాయం ఉండొచ్చు, డాక్టరుకు చూపించుకోండి.

ఇక ఫోను. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మీకు తెలియని కంప్యూటరేదైనా ఉందేమో చూడండి. మెయిల్ ఇంకెక్కడ లాగిన్ అయి ఉందో చూడండి. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ కూడా. అయితే కనపడగానే ఆపేయకండి! అది ఆగిన వెంటనే అవతల అనుమానం మొదలవుతుంది. మీరు విషయం చెప్పే రోజునే, సురక్షితమైన చోటికి చేరాక, అన్నీ ఒకేసారి మార్చేయండి.

ఫోన్‌లోనో మెసేజ్‌లోనో చెప్పేయొచ్చు. ఎదురుగా చెప్పడమే మర్యాద అంటారు కొందరు, భయపెట్టే మనిషి దగ్గర ఆ మర్యాద అక్కర్లేదు. కలవక తప్పకపోతే నలుగురూ తిరిగే చోట, పగటిపూట, పక్క టేబుల్ దగ్గర ఒక స్నేహితుడినో స్నేహితురాలినో కూర్చోబెట్టుకుని. తిరుగు ప్రయాణం మీ చేతిలోనే ఉండాలి, వాళ్ల బండి ఎక్కొద్దు. "నాకు ఈ బంధం వద్దు" అంటే చాలు, కారణాలు చెప్పే కొద్దీ వాదన పెరుగుతుంది. తర్వాత "ఒక్కసారి, చివరిసారి కలుద్దాం" అని వస్తుంది. వెళ్లొద్దు. "చచ్చిపోతా" అంటే వాళ్ల ఇంట్లోవాళ్లకో స్నేహితులకో, అవసరమైతే అత్యవసర సేవలకో వెంటనే చెప్పండి. మీరు మాత్రం పరిగెత్తొద్దు.

మీ నగ్న ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు. బ్లాక్ చేసేముందు తేదీ, అకౌంట్ పేరు కనపడేలా బెదిరింపు మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీయండి. ఫొటో మీకు 18 ఏళ్లు నిండకముందు తీసినదైతే టేక్ ఇట్ డౌన్, ఆ తర్వాతదైతే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత ఆన్‌లైన్ సేవలున్నాయి. ఫొటో మీ ఫోన్ దాటి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ గుర్తును బట్టి ఇందులో చేరిన సైట్లు ఫొటోను అడ్డుకుంటాయి.

అన్నీ చేసినా లైంగిక దాడి జరగొచ్చు. ఆ క్షణంలో ఒళ్లు కొయ్యబారి అరవలేకపోవడం చాలామందికి జరిగేదే, దాన్ని ఒప్పుకోవడంగా ఎవరూ లెక్కేయకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధక మాత్ర 5 రోజుల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. కుదిరితే స్నానం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి, బట్టలు మార్చుకుంటే కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌లో తేమ చేరి ఆధారాలు పాడవుతాయి. ఇప్పటికే స్నానం చేసేసినా సరే, వెళ్లండి.

స్నేహితులకు ఒక్క మాట. "నేను ముందే చెప్పానుగా" అనొద్దు. తను మెసేజ్‌లో పంపగానే మీరు ఫోన్ చేయాల్సిన రహస్య పదం ఒకటి ఇద్దరూ ముందే అనుకోండి.

"వద్దు" అని విన్నది మీరే అయితే, జాగ్రత్త మీ వంతు. బాధ ఉంటుంది, అది వెళ్లగక్కడానికి ఒక స్నేహితుడున్నాడు. అవతలివాళ్ల ఇంటి ముందు నిలబడకండి, వేరే నంబరు నుంచి ఫోన్ చేయకండి. మీ దగ్గరున్న వాళ్ల నగ్న ఫొటోలు ఈ రోజే తీసేయండి, క్లౌడ్ బ్యాకప్‌లోవి కూడా.