టీవీ కొనేముందు గోడకు పాత పేపర్లు అంటించి చూడండి

పండగ ఆఫర్లు చూసి నెల్లూరు ట్రంకు రోడ్డుకు బయల్దేరే ముందు ఇంట్లో ఒక పని చేయండి. 43 అంగుళాలంటే మూల నుంచి మూలకు ఐమూలగా కొలిచింది. తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, ఎత్తు 54. అదే 55 అయితే వెడల్పు 122 దాకా వస్తుంది. ఆ కొలతకు గోడ మీద పాత పేపర్లు అంటించి, రోజూ కూర్చునే చోటి నుంచి చూడండి. 4కె (బొమ్మ చాలా స్పష్టంగా వచ్చే రకం) టీవీ అయితే ఐదారడుగుల దూరానికి 43, ఏడడుగులుంటే 55 బాగుంటుంది.

ఇంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. షాపులో వేసేది 4కె డెమో వీడియో, దాంట్లో ఏ టీవీ అయినా మెరిసిపోతుంది. ఇంట్లో అమ్మ చూసేది మామూలు కేబుల్ సీరియలే కదా! ఆ ఎస్‌డీ (తక్కువ స్పష్టత ఉండే) ఛానల్ పెద్ద తెర మీద మసకమసకగా కనిపిస్తుంది. కావలిలో మా అక్కావాళ్లు 55 తెచ్చుకుని మొదటిరోజే దిగులుపడ్డారు. సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీకి మార్చాక గానీ మనసు కుదుటపడలేదు. అందుకే మొహమాటపడకుండా "అబ్బయ్యా, మామూలు ఛానల్ పెట్టి చూపించు" అని అడగండి. మాటలు స్పష్టంగా వినపడుతున్నాయో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

బల్ల మీద పెట్టేవాళ్లయితే టీవీ కాళ్ల మధ్య దూరం కూడా కొలుచుకుని వెళ్లండి. చాలావాటికి అవి రెండు చివర్లలో ఉంటాయి.