ఎగిరితన్నే గుర్రాన్ని కాన్వాస్ మీదికి దించడం

రోడియో అంటే ఎగిరితన్నే గుర్రం మీద రౌతు పడిపోకుండా నిలిచే అమెరికా కౌబాయ్‌ల పోటీ. ఆ బొమ్మ గీసేవాళ్లు గుర్రం కండల దగ్గర కన్నా బరువు ఎటు పడుతుందో చూపే దగ్గరే ఎక్కువ తడబడతారు. అందుకే ఏ క్షణాన్ని గీయాలో మొదట తేల్చుకోండి. ముంగాళ్లు నేలకు తాకి, వెనక కాళ్లు గాల్లోకి తన్నిన క్షణం 18×24 అంగుళాల కాన్వాస్‌లో బాగా ఇముడుతుంది. అమెరికన్ కళాకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్ 1895 నాటి కంచు విగ్రహంలో గుర్రం వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. అందమైనదే, కానీ కదలిక వేరు. ఈ బొమ్మకు నమూనాగా పనికిరాదు.

బొగ్గుతో మొదట రెండే గీతలు. ఒకటి గుర్రం వెన్ను, తల వైపు దిగుతూ సుమారు 45 డిగ్రీలు. రెండోది రౌతు నడుము నుంచి తల దాకా, నిటారుగా గానీ తోక వైపు కాస్త వాలి గానీ. రౌతు ఛాతీ గుర్రం మెడ మీదికి వంగిందా, చూసేవాడికి మరుక్షణం కిందపడేవాడిలా కనిపిస్తాడు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత బొమ్మలోనూ నిజమే.

తర్వాత పాదాలు. ముంగాళ్లు నేలను తాకే వేళకు రౌతు మడమలు గుర్రం భుజాల మీద ఉండాలి. గుర్రం మళ్లీ ఎగిరేటప్పుడు మోకాళ్లు ముడిచి మడమల్ని జీను వెనక అంచు దాకా లాగుతాడు. గాల్లో ఉన్న గుర్రం మీద కాళ్లు ముందుకు చాచి గీస్తే లయ తప్పినట్టే.

జీను రోడియోలో కట్టేదైతే దానికి ముందు కొమ్ము ఉండదు. పశువుల కాపరి జీనుకే ఉంటుంది. నోట్లో కళ్లెం ఇనుము కూడా గీయకండి. ముఖానికి కట్టిన తలతాడు, దాని నుంచి ఒకే ఒక లావుపాటి పగ్గం, అంతే. ఒక చెయ్యి పగ్గం మీద, రెండోది గాల్లో. ఆ రెండో చెయ్యి గుర్రానికి తగిలితే, పోటీలో నిలవాల్సిన 8 సెకన్ల సవారీ చెల్లదు. వెనక కాళ్ల ముందు, పొట్ట చుట్టూ పట్టీ మర్చిపోకండి.

కీళ్ల కోసం మలక్‌పేట రేస్‌కోర్సు గుర్రాల్ని చూడండి. పెళ్లి బరాత్ గుర్రమైతే ఇంకా మేలు, యజమాని ఒప్పుకుంటే కదలకుండా నిలబడుతుంది. వెనక కాలి మధ్య కీలు మన మోకాలు కాదు, మన మడమ లాంటిది. కోణం వెనక్కి తిరుగుతుంది. పందెపు గుర్రాలు సన్నం కాబట్టి మెడ, ఛాతీ, ఎముకలు కాస్త లావు చేసుకోండి.

దుమ్ము ఆఖరున వేయాలి. ఎల్లో ఓకర్, రా అంబర్, టైటానియం వైట్ కలిపి, దాదాపు పొడి కుంచెతో ముంగాళ్ల గిట్టల దగ్గర రుద్దండి. అక్కడ అంచులు కరిగిపోవాలి, పైకి తన్నిన గిట్టల అంచులు మాత్రం పదునుగా ఉండాలి. కింది పొర ఆరకముందే రుద్దితే బురదవుతుంది. మన వానాకాలంలో ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది. ఎండాకాలంలో అక్రిలిక్ అయితే పాలెట్ మీదే బిగుసుకుపోతుంది, నీళ్ల స్ప్రే పక్కన పెట్టుకోండి.