బెస్సీ స్మిత్ జీవితంపై పాటలతో కూడిన ప్రసంగాన్ని సిద్ధం చేసుకునే విధానం

1919లో మహారాజా సంగీత కళాశాల వెలసిన విజయనగరంలో ఒక గాయని గురించి ప్రసంగించేవారికి పెద్ద వెసులుబాటు ఉంది: శ్రోతల్లో తాళం వేయగలిగినవారు తప్పక కొందరుంటారు. అందుచేత, బ్లూస్ అనే అమెరికా నల్లజాతి గేయరీతిలో పాడిన గాయని బెస్సీ స్మిత్‌ను పరిచయం చేసేటప్పుడు ఆమె పడిన కష్టాలతో కాక, ఆమె పాడిన పాట కట్టుబడితో ప్రసంగాన్ని ఆరంభించడం మేలు.

ఇందుకు 1927 ఫిబ్రవరిలో ఆమె రికార్డు చేసిన ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ను ఎంచుకోవాలి. ఇందులో చరణానికి 12 బార్లు (పాశ్చాత్య సంగీతంలో తాళపు ఖండాలు), బారుకు 4 దెబ్బలు. మొత్తం 48 దెబ్బలు, అంటే 8 దెబ్బల ఆదితాళంలో సరిగ్గా 6 ఆవర్తనాలు. మొదటి రెండు ఆవర్తనాల్లో ఒక పంక్తి, తరువాతి రెండింటిలో దాదాపు అదే పంక్తి, చివరి రెండింటిలో దానికి జవాబు వస్తాయి. పంక్తి ముగిశాక మిగిలిన చోటును, జముకుల కథలో వంత అందుకున్నట్టు, జేమ్స్ పి. జాన్సన్ పియానో నింపుతుంది. గొంతు సమంలోనే, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీదే, ఎత్తుకుంటుందని ఎదురుచూడక, పియానో ఎడమచేతి మంద్రస్వరాలను పట్టుకుని తాళం వేయిస్తే లెక్క తప్పదు. గాంధార స్వరం మాత్రం దాని రెండు రూపాలైన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలవక జారుతుంటుంది. దానిని అపస్వరమని ఎవరైనా అంటే మరోసారి వినిపించడమే సరైన సమాధానం.

అది వరద పాట. నాగావళి, వంశధార పొంగులు చూసినవారికి దాని భావాన్ని వివరించనక్కరలేదు. అయితే అది 1927 మిసిసిపీ మహావరద గురించిన పాట అని చెప్పే పొరపాటు చాలాచోట్ల కనబడుతుంది. ఆ నది కట్టలు పెద్దఎత్తున తెగింది ఏప్రిల్‌లో, పాట రికార్డయింది అంతకు రెండు నెలల ముందు. ప్రతి కథనాన్నీ ఇలా తేదీల పక్కన పెట్టి చూసుకోవాలి.

జీవిత విశేషాలకు ఎక్కువ సమయం అక్కరలేదు. ఆమె టెనెస్సీ రాష్ట్రంలోని చాటనూగాలో పుట్టింది. 1894 అని సాధారణంగా చెబుతారు కాని 1900 జనగణనలో 1892 అని ఉంది కనుక రెండూ చెప్పడం న్యాయం. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, అన్న ఆండ్రూ గిటారు వాయిస్తుండగా వీధుల్లో పాడింది. 1912లో ‘మా రైనీ’ (Ma Rainey) అనే బ్లూస్ గాయని ఉన్న సంచార బృందంలో చేరింది. 1920లో మేమీ స్మిత్ అనే మరో నల్లజాతి గాయని రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాకనే కంపెనీలు నల్లజాతి గాయనుల కోసం వెతకసాగాయి. ఆ గిరాకీ వల్ల 1923లో కొలంబియా రికార్డుల కంపెనీ బెస్సీ చేత ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ పాడించింది. 1925లో ఆ కంపెనీ మైక్రోఫోన్ రికార్డింగుకు మారింది కాబట్టి, అంతకు ముందుది ఒకటి, తరువాతిది ఒకటి వెంటవెంటనే వినిపిస్తే, గరగరల వెనుక దాగిన గొంతు ఎంతటిదో శ్రోతలే గ్రహిస్తారు. ఆర్థిక మాంద్యం ముదిరి, 1931లో కంపెనీ ఆమెను వదులుకుంది.

మరణం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 1937 సెప్టెంబరు 26న, కారు ప్రమాదంలో గాయపడి, మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో ఆమె కన్నుమూసింది. తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోనందువల్లే మరణించిందన్న కథ పత్రికల ద్వారా ప్రబలింది. ప్రమాద స్థలంలో ఆమెకు చికిత్స చేసిన వైద్యుడి వాంగ్మూలం ప్రకారం ఆమెను నేరుగా నల్లజాతివారి ఆసుపత్రికే తీసుకువెళ్లారు. ఒకే ఊరిలో జాతిని బట్టి ఆసుపత్రులు వేరుగా ఉండడమే చాలినంత అన్యాయం. దానికి కల్పన జోడించనక్కరలేదు. ఆమె సమాధికి 1970 దాకా శిల లేదన్న సంగతిని ఒక్క వాక్యంలో చెప్పి, 1933 నవంబరులో రికార్డుల నిర్మాత జాన్ హ్యామండ్ ఏర్పాటు చేసిన చివరి రికార్డింగుల్లోంచి ఒక హుషారైన పాటతో కార్యక్రమాన్ని ముగించాలి. అలా చేస్తే, ప్రమాదానికి నాలుగేళ్ల ముందే ఆమె గొంతు స్వింగ్ అనే అప్పటి కొత్త జాజ్ నడకకు ఎంత సులువుగా ఒదిగిందో శ్రోతలకు తెలుస్తుంది.