గేదెకు పెళ్లి భోజనం వద్దు

మా వీధిలో పెళ్లయితే మిగిలిన అన్నం మా కుడితి తొట్టికే వచ్చేది. పారేయడం దేనికి, నోరులేని జీవం తింటుందిలే అనుకునేదాన్ని. మూడేళ్ల కిందట అలాగే రెండు బేసిన్ల అన్నం పోస్తే మా రెండో ఈత గేదె గబగబా తినేసింది. తెల్లారేసరికి నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బింది, పేడ నీళ్లలా జారి పుల్లటి వాసన కొట్టింది. డాక్టరుగారు వచ్చి సెలైన్ ఎక్కించి, గొట్టంతో తినే సోడా నీళ్లు పోశాక గట్టెక్కింది. పాలు మాత్రం పది రోజులు సగమే.

అన్నం గేదె కడుపులో గడ్డికంటే చాలా త్వరగా పులుస్తుంది. ఆ పులుపుకి గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నూకలైనా పిండైనా అంతే. దాణా రకం మార్చాలన్నా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

నా లెక్క ఇది. గేదె ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ప్రతి రెండు లీటర్ల పాలకు ఇంకో కిలో. అంటే 8 లీటర్లిచ్చే గేదెకు అయిదున్నర కిలోలు, రెండు పూటలా సగం సగం. దాంట్లో రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, గుప్పెడు కన్నా తక్కువే ఉప్పు. దాణా ఎంత పెట్టినా వరిగడ్డి మాత్రం మానకూడదు, నెమరు వేయించేది అదే. వరి కోశాక మా వైపు పిల్లిపెసర అనే పచ్చిమేత దండిగా దొరుకుతుంది. మంచు ఆరకముందే ఖాళీ కడుపుతో దాని మీదకి వదిలితే ఉబ్బరం ఖాయం, ముందు కాస్త ఎండుగడ్డి పడాలి.

రోజూ పాలు పితికే ముందు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి నిలబడతాను. నిమిషంలో ఒకటి రెండుసార్లు కడుపు కదిలి లోపలి నుంచి చేతిని పైకి నెట్టాలి. తర్వాత పేడ చూస్తాను. పిడక కొడితే గోడకు అంటుకునేలా ఉంటే సరే. జారిపోతోందంటే దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచుతాను. రాయిలా గట్టిపడితే నీళ్లు చాలడం లేదని అర్థం. నెమరు ఆగి డొక్క ఉబ్బితే మాత్రం సొంత వైద్యం వద్దు. నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి.

పెళ్లిళ్ల సీజన్లో పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ బేసిన్ పట్టుకొస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు. తీసుకుని దోసెడు కుడితిలో కలిపి, మిగతాది ఎరువు గుంటలో పోస్తాను.