చుట్టుపక్కల కప్పల్ని కాపాడటం ఎలా? మామూలు జనం చెయ్యగలిగే పనులు

ఉభయచరాలు, అంటే కప్పలు, సాలమాండర్ల లాంటివి, వీటిలో దాదాపు 41 శాతం జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2023లో తేల్చారు, పక్షులూ క్షీరదాలూ కూడా ఇంత ఘోరంగా లేవు. అదంతా సైంటిస్టులు చూసుకుంటార్లే అనుకోకండి, మనం చెయ్యగలిగేవి ఉన్నాయి, కాకపోతే జాలిపడి చేసే పనుల్లో కొన్ని కప్పలకే ఎసరు పెడతాయి, అందుకే వరసగా చెప్తా.

1. ముందు వినండి
వాన వెలిశాక చీకటిపడగానే నీళ్లున్న చోటికెళ్లి ఫోన్‌లో అరుపులు రికార్డ్ చెయ్యండి. అరిచేవి ఎక్కువగా మగకప్పలే, ఒక్కో జాతిది ఒక్కో అరుపు, కాబట్టి చేత్తో ముట్టుకోకుండానే ఏ కప్పో తెలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో ఫ్రాగ్‌ఐడీ యాప్ 2017 నుంచి ఇలాగే నడుస్తోంది, జనం పంపినవి నిపుణులు విని జాతి పేరు చెప్తారు. అలాంటిది మీ దగ్గర లేకపోతే ఐనాచురలిస్ట్‌లో (జనం తాము చూసిన జంతువులు, మొక్కల వివరాలు పెట్టే వెబ్‌సైట్, యాప్) తేదీ, చోటు సరిగ్గా రాసి పెట్టండి. అరుదైన కప్ప అయితే మాత్రం లొకేషన్ అందరికీ కనిపించేలా పెట్టొద్దు, పట్టుకుని అమ్మేవాళ్లూ చూస్తుంటారు.

2. బూట్లు కడగండి
దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కైట్రిడ్ అనే ఫంగస్ వల్ల 500కి పైగా జాతులు తగ్గిపోయాయని, అందులో 90 పూర్తిగా పోయి ఉండొచ్చని 2019లో ఒక అధ్యయనం లెక్కేసింది. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంత దాంతోనే, ఆ చర్మాన్ని ఫంగస్ పాడుచేస్తే ఒంట్లో లవణాలు తగ్గిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. ఇది తడి బురదలో, నీళ్లలో ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుంది, మీ బూటు చాలు! అందుకే ఒక కుంట నుంచి ఇంకో కుంటకి వెళ్లే ముందు బురద బ్రష్‌తో రుద్ది, డిసిన్ఫెక్టెంట్ వేసి (కుంటకి దూరంగానే), పూర్తిగా ఆరబెట్టండి. కప్ప గుడ్లు, తోకకప్పలు తెచ్చి వేరే నీళ్లలో వదలడం, పెంచుకున్న కప్పని బయట వదిలెయ్యడం అస్సలు వద్దు.

3. చిన్న కుంట తవ్వండి
ఒక పక్కన అంచు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే దిగినవి ఎక్కలేవు. వాన నీళ్లయితే బెస్ట్. చేపలు వెయ్యొద్దు, గుడ్లూ తోకకప్పలూ తినేస్తాయి. చుట్టుపక్కల పురుగుమందు కొట్టడం ఆపండి. కప్పల్ని తేనక్కర్లేదు, దగ్గర్లో ఉంటే అవే వస్తాయి.

4. రోడ్డు దాటించడం
బ్రిటన్‌లో గుడ్లు పెట్టే సీజన్‌లో వాలంటీర్లు బకెట్లు పట్టుకుని రాత్రిళ్లు రోడ్డు మీద గోదురుకప్పల్ని దాటిస్తారు. మీరూ చేస్తే మెరిసే జాకెట్ వేసుకోండి, శుభ్రమైన తడి గ్లవుజులతో పట్టుకోండి, అది ఎటు వెళ్తోందో అటువైపే దింపండి, వెనక్కి పెడితే మళ్లీ అదే రోడ్డెక్కుతుంది. కొన్ని దేశాల్లో రక్షిత జాతుల్ని ముట్టుకోవడానికి పర్మిషన్ ఉండాలి, ముందే కనుక్కోండి.

5. నలుగురినీ కలపండి
ఏటా ఏప్రిల్ ఆఖర్లో సేవ్ ద ఫ్రాగ్స్ డే, 2009 నుంచి జరుగుతోంది. ఆ రోజు ప్రసంగాలు పెట్టి జనాన్ని కూర్చోబెట్టే బదులు రాత్రికి కుంట దగ్గరికి తీసుకెళ్లండి. ఆ కుంటని పూడ్చే ప్లాన్ ఏదైనా వస్తే మీరు దాచిన రికార్డింగులు, తేదీలు జతచేసి అధికారులకి అర్జీ పెట్టండి, ఉత్త అర్జీ కన్నా దాన్ని పక్కన పడెయ్యడం కష్టం.