దుప్పట్ల మూటతో బయల్దేరే ముందు

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపుల్లో దుప్పట్ల చందాలు మొదలవుతాయి. నేనూ మూడేళ్లు అలాగే తిరిగాను. రాత్రి కారు ఆపడం, నిద్రపోతున్నవాళ్ల మీద ఓ దుప్పటి కప్పడం, ఒక ఫొటో, ఇంటికి. నాలుగో ఏడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, మూసిన షాపు మెట్ల మీద పడుకున్న ఒకాయన లేచి దుప్పటి తిరిగిచ్చేశాడు. "ఇచ్చి పోతవ్ గని అన్నా, పొద్దుగాల ఇది ఏడ పెట్టాలె?" అన్నాడు. ఆయన తలకింద చెప్పులు, వాటి మీద ఒక జత బట్టలున్న ప్లాస్టిక్ కవరు. ఫోన్, డబ్బులు చొక్కా లోపలి జేబులో, జేబుకి పిన్నీసు. తెల్లారకముందే ఊడ్చేవాళ్లు వచ్చి లేపుతారు, ఆ తర్వాత ఆయన అడ్డా మీదికి పోవాలి. చంకలో దుప్పటి పెట్టుకుని నిలబడినవాణ్ణి కూలికి ఎవరు పిలుస్తారు?

కాబట్టి మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్లండి. రాత్రి పది దాటాకే వెళ్లాలి, ఎందుకంటే పగలు వీళ్లు జనంలో కలిసిపోతారు. జనగణనవాళ్లు కూడా రాత్రిపూటే లెక్కపెట్టారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది ఇల్లు లేనివాళ్లని తేలింది. ఇద్దరు ముగ్గురు చాలు, అందులో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. వ్యాన్ వేసుకుని గుంపుగా దిగితే కొందరు మూట సర్దుకుని వెళ్లిపోతారు, వాళ్లని తప్పుపట్టలేం. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు అడుక్కునేవాళ్లని పోగేసి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకి తరలించారు మరి.

ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లంతా బిచ్చగాళ్లే అనుకోకండి. నేను మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది పని చేసుకునేవాళ్లే. అడ్డా కూలీలు, హమాలీలు, పెళ్లిళ్లలో కేటరింగ్‌కి వెళ్లి అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు. నిలోఫర్, ఉస్మానియా ఆసుపత్రుల బయట పడుకునేవాళ్లలో చాలామందికి ఊళ్లో ఇల్లుంది, లోపల వాళ్ల మనిషి ఉన్నాడు కాబట్టి ఇక్కడున్నారు. వీళ్లకి దుప్పటి కన్నా ఒక పూట భోజనం, ఫోన్ ఛార్జింగ్ ముఖ్యం. ఆడవాళ్లు లైటు వెలుతురు ఉన్నచోటే ఉంటారు, కొందరు రాత్రంతా కూర్చునే గడిపి పగలు నిద్రపోతారు. నిద్రలో ఉన్న ఆడమనిషి మీద దుప్పటి కప్పకండి, ఉలిక్కిపడి లేచి అరిస్తే ఆ తప్పు మీదే.

"ఎందుకిలా అయ్యావ్" అని మొదటి రోజే అడగొద్దు. అది మన ఆసక్తి, వాళ్ల అవసరం కాదు. స్నానం ఎక్కడ చేస్తున్నారు, మూట ఎక్కడ పెడుతున్నారు, ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారు అని అడగండి, అసలు సంగతులు వాటంతటవే బయటికొస్తాయి. అప్పుడు ఏం ఇవ్వాలో మీకే తెలుస్తుంది. జిప్పున్న సంచి, మడిస్తే అందులో పట్టే పల్చటి చద్దరు, దోమల క్రీము, సులభ్ కాంప్లెక్సుకి చిల్లర. ఇవి ఫొటోలో బాగుండవు, పనికొస్తాయి. మేమైతే పక్కనున్న చాయ్ కొట్టతన్ని బతిమాలుకున్నాం, రాత్రి వాడిన దుప్పట్లు పగలు తన కొట్టు వెనక గోనెసంచిలో పెట్టుకోనిచ్చాడు. నాలుగేళ్లలో మేం చేసిన అన్నిటికన్నా ఆ గోనెసంచే ఎక్కువ ఉపయోగపడింది.

ఇల్లు లేనివాళ్ల కోసం ఉండే షెల్టర్‌కి తీసుకెళ్తానని మాటిచ్చే ముందు ఆ షెల్టర్ మీరు ఒకసారి చూసి రండి. 5 లక్షలు దాటిన నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీరెళ్లిన చోట మంచం ఖాళీ ఉందా, సామాను పెట్టుకోడానికి తాళం ఉందా, బాత్రూమ్‌లో నీళ్లొస్తున్నాయా చూడండి. మగవాళ్లకి, ఆడవాళ్లకి విడివిడిగా ఉంటాయి కాబట్టి మొగుడూ పెళ్లాం, పిల్లలు కలిసి ఉండాలనుకుంటే చాలాసార్లు ఫుట్‌పాతే దిక్కవుతుంది. రానంటే బలవంతం చేయకండి.

అడ్రసు లేదు కాబట్టి ఓటు రాదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఓటరుగా పేరు నమోదుకి ఇచ్చే ఫారం 6లో పడుకునే చోటు రాస్తే బీఎల్వో (పోలింగ్ బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట, అదీ ఒకటికి మించి రాత్రులు వచ్చి చూసి, నిజంగా అక్కడే పడుకుంటున్నారని తేలితే నివాస రుజువు అడగకూడదు. దీనికి కాస్త తిరగాల్సి వస్తుంది, ఓపికుంటేనే ఒప్పుకోండి.

ఒంట్లో బాగాలేనివాళ్లు కనిపిస్తే 108, ఒంటరి పిల్లలైతే 1098, వృద్ధులైతే 14567. మతిస్థిమితం లేక తిరుగుతున్న మనిషైతే పోలీసులకి చెప్పండి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వాళ్లు 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఈ మాట స్టేషన్‌లో మీరే గుర్తుచేయాల్సి రావచ్చు.

చలి తగ్గాక ఫిబ్రవరి చివర్లో ఆ గోనెసంచి తెచ్చి, దుప్పట్లు ఉతికించి ఆరేసి పెట్టుకోండి. వచ్చే డిసెంబర్‌లో మళ్లీ చందాలు అడగక్కర్లేదు.